డప్పు ఆకాశం నుంచి రాలేదు

బోరబండ ఎల్లమ్మ డప్పు కొట్టడమే కాదు, తోలు తెచ్చి సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి తన డప్పును తానే చేసుకునేది. ఆ పనితో యాభై రెండేళ్లకే ఆమె అరచేతులు మొద్దుబారిపోయాయి. ఆమెను వెతుక్కుంటూ ఒకరోజు వందన అనే అమ్మాయి వచ్చింది. ప్రాచీన వాద్యాల మీద పరిశోధన చేసిన పిల్ల. సంగీతం పుట్టుక మీద ఫిల్మ్‌నగర్‌లో తీస్తున్న పెద్ద సినిమాకు సలహాదారు.

వందన ఫోనులో ఒక మట్టిబొమ్మ చూపించింది. దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందట ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో చేసిందట. ఒక ఆడమనిషి గుండ్రటి వాద్యాన్ని ఎదకు ఆనించి పట్టుకుని ఉంది. అలాంటివి చాలా దొరికాయని, వాటిలో ఎక్కువ ఆడవాళ్లవేనని చెప్పింది. పెళ్లయిన కొత్తలో, ఆడదానికి డప్పేందని మామ తన డప్పును పొయ్యిలో పెట్టిన సంగతి ఎల్లమ్మకు గుర్తొచ్చింది.

"గీమె గూడ నా తీరుగనే పట్టుకున్నది బిడ్డా," అంది.

సినిమాకు డప్పు వాయించమని వందన అడిగితే, ఆ బొమ్మ కోసమే ఒప్పుకుంది. మూడు రోజులు స్టూడియోలో వాయించింది. తోలు బిగిసేందుకు డప్పును మంట మీద కాచాలంటే, వాసన వస్తుందని కాపలావాడు ఆమెను రోడ్డు మీదికి పంపాడు. అది కూడా ఓర్చుకుంది.

నాలుగో రోజు పాట షూటింగ్ చూడమని జూబ్లీహిల్స్‌లో వేసిన సెట్‌కు పిలిచారు. అక్కడ రాకుమారుడి వేషంలో హీరో ఉన్నాడు. చేతిలో బంగారు రంగు పూసిన ఫైబర్ డప్పు. చుట్టూ పాతికమంది ఆడపిల్లలు నాట్యానికి సిద్ధంగా ఉన్నారు. వందన ముఖం మాడిపోయింది. కథ మారిందని డైరెక్టర్ రిత్విక్ చెప్పాడు. మెరుపు మెరిసి ఆకాశం నుంచి డప్పు దిగుతుంది, రాకుమారుడు దాన్ని అందుకుని జనానికి సంగీతం నేర్పుతాడు. తోలు వొలిచే ఆడవాళ్ల సీను తీసేశారు, కుటుంబాలతో చూడలేరట. మోత మాత్రం ఎల్లమ్మదే.

"ఆకాశంల మేకలు మేస్తయా సారూ?" అని అడిగింది ఎల్లమ్మ.

రిత్విక్‌కు అర్థం కాలేదు.

"మరి తోలు యాడికెల్లొచ్చింది?"

ఇది సినిమా అనీ, టైటిల్స్‌లో ఆమె పేరు వేస్తామనీ అతను మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదకే ఎల్లమ్మకు ఒళ్లు మండింది.

"నా పేరెందుకు సారూ? గీ చేతులు కంపుగొడ్తయని మమ్మల్ని ఊరి బయట ఉంచిన్రు. గిప్పుడు చేతుల సప్పుడు గావాలె, చేతులు అక్కర లేదు. నా డప్పు దెబ్బ తీసెయ్యుండ్రి."

మేనేజరు అనుమతి కాగితం తెచ్చి సంతకం పెట్టమని బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. ఎల్లమ్మ పెన్ను ముట్టుకోలేదు. సంతకం లేనిదే ఆ రికార్డింగు వాడుకోవడం కుదరదని వందన అందరి ముందూ గట్టిగా చెప్పింది. ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం పోయింది.

రెండు వారాలకు రిత్విక్ సహాయకుడు ఫోన్ చేశాడు. ఆమె వాయింపు బదులు పెట్టిన కంప్యూటర్ మోతలో జీవం లేదట. ఎల్లమ్మ వచ్చి వాయిస్తే, పాటలో ఒక మూల ఒక ఆడమనిషి చేతికి డప్పు ఇచ్చి చూపిస్తారట.

"మూలకెందుకు?" అంది ఎల్లమ్మ. ఫోన్ పెట్టేసింది.

అప్పుడామె కొత్త తోలు గీకుతోంది. కోపంతో గట్టిగా గీకేసరికి కత్తి లోతుకు దిగింది, తోలుకు చిల్లుపడింది. పది రోజుల పని పాడైపోయింది. ఆ తోలును గోడకేసి కొట్టింది. వాళ్ల మీది కోపం తన మీదికి తిరిగింది. చేతులు కడుక్కుని వందనకు ఫోన్ చేసింది.

"రేపు తోలుకు పోవాలె. వస్తవా? ఎట్ల జేస్తరో సురూ నుంచి జూసి రాసుకుందువు."

వస్తానంది వందన. ఎల్లమ్మ కోపం మాత్రం తగ్గలేదు.