వీప్కెకు పతకం

"ఆ కాలరు ఇంకోసారి రుద్దు, ముడత కనిపిస్తోంది," అన్నాడు ఎకార్ట్ అద్దంలోకి చూసుకుంటూనే. అతని భార్య హైడ్రూన్ చొక్కాని మళ్లీ ఇస్త్రీ బల్ల మీద పరిచింది. "నువ్వు ఆ నల్లగౌను మాత్రం వేసుకోకు. చావుకి వెళ్తున్నట్టుంటావు. వీప్కె నీ స్నేహితురాలు, కాస్త నవ్వుతూ కనిపించు."

ఆ సాయంత్రం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఆహార రసాయన శాస్త్రవేత్తల సంఘం వార్షిక సభ. సంఘానికి అధ్యక్షుడు ఎకార్ట్. అతని చేతుల మీదుగా పతకం అందుకోబోయేది వీప్కె. రై ధాన్యపు రొట్టె కాలుతున్నప్పుడు పై పెచ్చుకి ఆ కమ్మటి వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో ఏళ్ల తరబడి శోధించి తేల్చిన మనిషి.

ఆ పని మొదలుపెట్టినప్పుడు మాత్రం ఇద్దరు. విశ్వవిద్యాలయంలో ఒకే గది, ఒకే పొయ్యి, వీప్కె ఒక పక్క, హైడ్రూన్ ఒక పక్క. తర్వాత హైడ్రూన్‌కి పాప పుట్టింది. సగం పూట వస్తానంటే ప్రొఫెసర్ నవ్వి, "సగం శాస్త్రమని ఒకటుండదమ్మా," అన్నాడు. "మొగుడూ పెళ్లాం ఇద్దరూ వాసనలు చూస్తూ కూర్చుంటే పిల్ల గుడ్డలెవరు మారుస్తారు?" అంది అత్తగారు. ఎకార్ట్ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అతని మంచితనమని హైడ్రూన్ చాలాకాలం నమ్మింది. పాప బడికి వెళ్లే వేళకి ఆమెకి వేరే పనులు సిద్ధంగా ఉన్నాయి. అతని వ్యాసాలు దిద్దడం, టైపు చేయడం, అతని అతిథులకి వండి పెట్టడం, వాళ్లు రసాయనాల గురించి మాట్లాడుకుంటుంటే గిన్నెలు తీయడం. వీప్కె వ్యాసం అచ్చయిందని విన్న ప్రతిసారీ కుళ్లు పుట్టేది. తీరిగ్గా కుళ్లుకోవడానికి కూడా వేళ ఉండేది కాదు. బట్టలు ఆరేస్తూ కుళ్లుకునేది, బంగాళాదుంపల తొక్కు తీస్తూ కుళ్లుకునేది. వీప్కె వేళ్ల మీది కాలిన మచ్చల్ని చూసినా కుళ్లే. నా వేళ్లూ కాలాయి, కానీ ఎవరికోసం?

పతకం ఖాయమయ్యాక ఎకార్ట్ ఇంటికొచ్చి, "వీప్కె గురించి నాలుగు మంచి ముక్కలు రాసిపెట్టు. నీకు ఆమె పని తెలుసు, నాకు తీరికలేదు," అన్నాడు. ప్రసంగం రాయడం కోసం హైడ్రూన్ ఆమె వ్యాసాలన్నీ ముందేసుకుంది. ఎక్కడో ఒక తప్పు దొరక్కపోదని ఆశగా చదివింది. దొరకలేదు. ఒక్కో పేజీ తిప్పుతుంటే, ఇలాగే చేసేదాన్ని నేనూ, అనిపించింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చాలా బాగా రాసింది.

సభలో ఎకార్ట్ ఆ మాటల్ని తనవిగానే చదివాడు. "మొదటిరోజు రొట్టె మాడి గదంతా పొగ కమ్మితే, కిటికీ తెరవబోయిన చెయ్యి పట్టుకుని, ఆగు, వాసన పోతుంది, అన్నది ఈ వీప్కె," అని చదివినప్పుడు హాలంతా నవ్వింది. చప్పట్లు మోగాయి. పతకం ఇచ్చాక అందరూ వచ్చి ఎకార్ట్ చెయ్యి ఊపారు. "ఎంత మనసుపెట్టి మాట్లాడావయ్యా!" అన్నారు.

వీప్కె జనాన్ని తోసుకుంటూ తిన్నగా హైడ్రూన్ దగ్గరికే వచ్చింది. "ఆ చెయ్యి నీదే కదా. రాసింది నువ్వేనా?"

"టైపు చేసిపెట్టిందిలే," అని ఎకార్ట్ మధ్యలో నవ్వాడు. "నీకు పతకం వచ్చిందంటే మా హైడ్రూన్‌కి ఎంత సంతోషమో!"

"నేనే రాశాను," అంది హైడ్రూన్. "సంతోషం కాదు వీప్కె, కుళ్లు. నిన్ను చూస్తే ఒళ్లు మండిపోతుంది నాకు. ఇన్నేళ్లుగా."

ఎకార్ట్ మొహం పాలిపోయింది. వీప్కె మాత్రం నవ్వలేదు, నొచ్చుకోలేదు.

"మరి రాలేదేం? మా గదిలో చోటు ఖాళీ అయిన ప్రతిసారీ కబురుపెట్టాను కదే! ఇల్లే హాయిగా ఉందంటోంది, దాన్ని కదపొద్దు అనేవాడు ఎకార్ట్. నువ్వే నన్నొద్దనుకున్నావని నేను..."

హైడ్రూన్‌కి చుట్టూ ఉన్న మాటలేవీ వినపడలేదు. ఇన్నేళ్లూ వీప్కె వైపు మండుతూ వచ్చినదంతా నెమ్మదిగా పక్కకి తిరిగింది, తను ఇస్త్రీ చేసిన ఆ తెల్ల చొక్కా వైపు.

"ఇక్కడ ఎందుకివన్నీ? జనం చూస్తున్నారు. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం పద," అని ఎకార్ట్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆమె చెయ్యి విడిపించుకుని వీప్కె వైపు తిరిగింది.

"ఇప్పుడడుగు, వస్తావా అని. నన్నడుగు."