పిల్ల కోసం జ్ఞానస్నానం

సెబాస్టియన్ కుట్టుమిషను మీది పాత దుప్పటి తీసి, దులిపి, మడిచి పీట కింద దోపాడు. చమురు డబ్బా ముక్కు వంచి ఇరుసులో రెండు చుక్కలు వేశాడు. చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఊఁ, లేచావా?" అన్నాడు మిషనుతో.

పొడుగు మనిషి. ఏళ్ళ తరబడి మిషను మీదికి వంగి వంగి, నడుస్తున్నప్పుడు కూడా ఏదో వెతుక్కుంటున్నట్టే ఉంటాడు. కత్తెర పట్టీ పట్టీ కుడి బొటనవేలు పక్కన గట్టి కాయ కాసింది. గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని పనిచేసే అలవాటు వల్ల సూదులు లేనప్పుడు కూడా మూతి ఒక వారగానే మాట్లాడతాడు. కిరస్తానీ గుడి పూజలో జపాలు చెప్పేటప్పుడూ అంతే. వెనక వరసలో పిల్లలు ఆ మూతిని అనుకరిస్తారని ఆయనకి తెలుసు. ఒకసారి వెనక్కి తిరిగి, వాళ్ళకంటే బాగా తనే చేసి చూపించాడు.

కొట్టు గోదావరి గట్టుకి పోయే వీధిలో ఉంది. పొద్దుటి గాలి నేరుగా లోపలికి వచ్చి తాడు మీద వేలాడే చొక్కాల చేతులు ఊపుతుంది. ఒకప్పుడు ఆ తాడు నిండా దొరల తెల్ల పంట్లాలే ఉండేవి. యానాంలో ఫ్రెంచి జెండా దించాక ఆ బేరం పోయింది. ఇప్పుడు బడిపిల్లల ఖాకీ నిక్కర్లు, పెళ్ళికొడుకుల బుష్ షర్టులు. సెబాస్టియన్‌కి దిగులేం లేదు. నిక్కరైతే మడత నలిగిందని ఎవరూ తిట్టరు.

ఆయన పుట్టు పేరు అప్పన్న. అడవిపొలం అనే పల్లె నుంచి కుట్టుపని నేర్చుకోవడానికి యానాం వచ్చిన కొత్తలో, ఆగ్నెస్ అనే పిల్ల రవిక చేతులు బిగుతుగా కుట్టాడని దెబ్బలాడడానికి కొట్టుకి వచ్చింది. దొరగారింటి వంటవాడి కూతురు. ఆ దెబ్బలాట ఎంత బాగుందంటే, ఆ తర్వాత ఆమెవి రెండు రవికలు కావాలనే పాడుచేశాడు. పిల్లనివ్వాలంటే జ్ఞానస్నానం పుచ్చుకోవాలన్నాడు వంటవాడు. అప్పన్న మిషను తొక్కుతూ, ఆ తొక్కుడు లయలోనే పరలోక జపం, మంగళవార్త జపం, 'విశ్వసిస్తున్నాను' అంటూ సాగే విశ్వాస సంగ్రహం బట్టీ పట్టేశాడు. సెబాస్టియన్ అయ్యాడు. పిల్ల కోసం నీళ్ళు పోయించుకున్నాడని ఊరు నవ్వింది. ఆయనా నవ్వాడు. తల్లి మాత్రం కన్నుమూసే దాకా అప్పన్నా అనే పిలిచింది.

నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. ఆ మాట మాత్రం ఆయన లోపల ఉండిపోయింది. గుడిలో తను అరువు మనిషిననే అనుకుంటాడు. జపాలు నేర్పే ఉపదేశి ఆంథోనీ క్రీస్తు పాట్ల సిలువ మార్గం చదువుతూ ఏడుస్తాడు. సెబాస్టియన్‌కి ఏనాడూ కన్ను చెమర్చలేదు. ఏడాది తర్వాత ఏడాది అదే బల్ల, అదే జపం, అదే వీధి. ఏ కలా రాలేదు, ఏ గొంతూ వినిపించలేదు. వెళ్ళాడు, వచ్చాడు.

ఖాకీ నిక్కరుకి జేబు బిగిస్తుంటే గుమ్మంలో వెంకటరమణ నిలబడ్డాడు. ఫరంపేట కుర్రాడు, బియ్యం మిల్లులో పని. జుట్టులో తవుడు అలాగే ఉంది.

"బాబాయ్, మీతో ఓ మాటండి. ఫాదరుగారు సాయంత్రం నాకు జ్ఞానస్నానం ఇత్తానన్నారు. జ్ఞానతండ్రిగా ఎవరైనా నిలబడాలంట. మీరు నిలబడాలి."

"నేనేంట్రా? ఆంథోనీ లేడూ? ఉపదేశీ ఆయనే, నీకు కాబోయే మామా ఆయనే."

"ఆయనే అడ్డం పడుతున్నారండి. నువ్వు దేవుడి కోసం రాలేదు, మా అమ్మాయి ఫిలోమినా కోసం వచ్చావు అంటన్నారు. పూచీపడే పెద్దమనిషి దొరక్కపోతే వచ్చే ఏడు చూద్దాం అన్నారు ఫాదరుగారు. ఈలోగా ఆ పిల్లకి కాకినాడ సంబంధం ఖాయం చేసేత్తారండి."

"ఆంథోనీ అన్నది నిజవేనా?"

వెంకటరమణ తల గోక్కున్నాడు. తవుడు రాలింది. "నిజవేనండి. పిల్ల కోసమే వచ్చాను. వచ్చాక మాత్రం... ఏమోనండి, బానే ఉంది."

సెబాస్టియన్‌కి పెదవుల మధ్య సూదులతో నవ్వొచ్చి, మింగబోయినంత పనైంది. అవి తీసి గుడ్డకి గుచ్చాడు.

"భోజనం చేసొచ్చి చెప్తాను. పో."

మధ్యాహ్నం ఆగ్నెస్ వంకాయ మెత్తళ్ళ కూర వండింది. సెబాస్టియన్ కంచం ముందు కూర్చుని సంగతంతా చెప్పాడు. అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు.

"నిలబడొచ్చుగా. దానికేం?" అంది ఆగ్నెస్.

"నాకే నమ్మకం గట్టిగా లేదు కదే. వాడి తరపున నేనేం పూచీపడతాను? ఆంథోనీకి దేవుడంటే కళ్ళమ్మట నీళ్ళొత్తాయి. నాకేవొచ్చింది?"

"నీకు రోజూ పొద్దున్నే గుడికెళ్ళే ఏళకి మెలకువొచ్చింది. నాకు జొరం పట్టి మంచానున్న నెల గుడికి ఎవరి కోసం ఎళ్ళావు? అక్కడ నేను లేను కదా చూట్టానికి."

"ఇంట్లోంచి ఎవరో ఒకరు ఎళ్ళాలి కదా అని."

"మన బాబు పోయినప్పుడో?"

సెబాస్టియన్ చెయ్యి ఆగింది. వాళ్ళకి పుట్టింది ఒక్కడే కొడుకు. నడక రాకముందే పోయాడు.

"పుట్టుకతో కిరస్తానీని నేను," అంది ఆగ్నెస్. "గుడి మొహం చూడనని గోడవైపు తిరిగి పడుకున్నాను. నువ్వు రోజూ ఎళ్ళొచ్చి, గుడి గుమ్మం దగ్గిర దీవించిన నీళ్ళు వేలికి తడిపి తెచ్చి నా నుదుట రాసేవోడివి. వీధి దాటేసరికి అవి ఆరిపోయేవి. ఉత్త వేలే రాసేవోడివి. రమ్మని ఒక్క మాటైనా అన్లేదు."

"ఏమనాలో తెలిసేది కాదు."

"నువ్వేదన్నా అనుంటే ఈ జన్మకి ఎళ్ళేదాన్ని కాదు." ఆమె గరిటెతో కూర తీసింది. "ఇంకోటి చెప్పనా? పెళ్ళయిన కొత్తలో ఎవరి గుడ్డ మిగిలినా రుమాళ్ళు కుట్టేసుకునేవోడివి. ఇప్పుడు గుప్పెడు పీలికలు కూడా మూటకట్టి మరీ వాళ్ళకే ఇచ్చేత్తన్నావు. మానెయ్యమని ఎవరు చెప్పారు నీకు?"

సెబాస్టియన్ ఆలోచించాడు. ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు మానేశాడో కూడా గుర్తులేదు.

"ఇంట్లో చోటు లేకే," అన్నాడు.

"అలాగే అనుకో. తిను ముందు," అని ఆగ్నెస్ కూర మారు వడ్డించింది. ఈసారి తిన్నాడు.

సాయంత్రం గుడి గుమ్మం దగ్గర వెంకటరమణ తల దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని, చలేసినట్టు నిలబడ్డాడు. ఆంథోనీ కొంచెం దూరంగా చేతులు కట్టుకుని ఉన్నాడు. అతని వెనక ఫిలోమినా ముసుగు అంచు పళ్ళతో పట్టుకుని కొరుకుతోంది. ఫాదరుగారు, ఆగ్నెస్‌తో కలిసి వచ్చిన సెబాస్టియన్ వైపు చూశారు.

"ఇతనికి నువ్వు పూచీయేనా, సెబాస్టియన్?"

"పూచీయేనండి. ఈడు పిల్ల కోసమే వచ్చాడు. నేనూ అలా వచ్చినోణ్ణే. ఎళ్ళిపోలేదు కదండీ."

ఫాదరుగారు నవ్వు ఆపుకోవడానికి పుస్తకంలోకి చూసుకున్నారు. ఆంథోనీ నేలవైపు చూశాడు. కట్టుకున్న చేతులు వదిలేశాడు.

జ్ఞానతండ్రి, కుర్రాడు కలిసి విశ్వాస సంగ్రహం చెబుతూ లోపలికి నడవాలి. సెబాస్టియన్ వెంకటరమణ భుజం మీద చెయ్యి వేశాడు. కుర్రాడు బాగానే మొదలుపెట్టి, సగంలో మరిచిపోయాడు. సెబాస్టియన్ ఆగలేదు. వాడు అందుకునేలా, వంకర మూతితోనే, ఒక్కొక్క మాట మెల్లగా పలికాడు. మిషను చప్పుడు లేకుండా, పక్కన పదిమంది గొంతులు లేకుండా ఆ మాటల్ని ఆయన ఎప్పుడూ వినలేదు. విశ్వసిస్తున్నాను అంటున్న గొంతు ఎవరిదా అనిపించింది. తనదే. ఎక్కడా దారం తెగలేదు. కళ్ళలో నీళ్ళు రాలేదు గానీ, ఆకలి తీరినవాడిలా ఒళ్ళంతా తేలికపడింది.

నుదుటి మీద నీళ్ళు పడగానే వెంకటరమణ ఉలిక్కిపడ్డాడు. ఫిలోమినా పైకే నవ్వేసింది. కుర్రాడికి జేవియర్ అని పేరు పెట్టారు. తర్వాత జపమాల అయ్యేదాకా అందరూ మోకాళ్ళ మీదే ఉన్నారు. బయటికి వచ్చాక కొత్త జేవియర్ మెట్ల మీద చతికిలబడి కాళ్ళు పిసుక్కున్నాడు.

"బాబోయ్, ఈ మోకాళ్ళు నావి కావండి బాబాయ్! రోజూ ఇంతేనా?"

"ఓ ఇరవయ్యేళ్ళు పోతే అలవాటైపోద్దిలే," అన్నాడు సెబాస్టియన్. ఆంథోనీ కూడా నవ్వాడు. వచ్చి అల్లుడికి చెయ్యి అందించి లేపాడు.

ఇంటికి పోతూ దారిలో కొట్టు దగ్గర ఆగాడు సెబాస్టియన్. ఇంకా వెలుతురు ఉంది. "నువ్వు పద, వచ్చేత్తాను," అన్నాడు ఆగ్నెస్‌తో.

"ఇప్పుడేం పని?"

"కుర్రాడికి చిన్నది. నీ పాత చీర ముక్క తీసుకుంటన్నాను, తిట్టకు."

ఆగ్నెస్ ఇంటికెళ్ళి పొయ్యి రాజేసింది. రెండిళ్ళ అవతల మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. దానితోపాటు ఏదో కూనిరాగం. అన్నం ఉడికింది. చప్పుడు ఆగింది. వస్తున్నాడనుకుని కంచం కడిగి పెట్టింది. ఎంతకీ రాకపోయేసరికి కేకలేస్తూ వెళ్ళింది.

మిషను బల్ల మీద చెయ్యి, చెయ్యి మీద చెంప ఆనించుకుని ఉన్నాడు. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు అలాగే పడుకుంటాడు. ఆమె భుజం తట్టింది. ఇంకోసారి తట్టింది. అప్పుడు పక్కన నేల మీద కూర్చుండిపోయి, ఆయన పాదం పట్టుకుంది.

మర్నాడు శవపేటిక ముందువైపు ఒక భుజం జేవియర్‌ది, రెండోది ఆంథోనీది. ఆంథోనీ ఎప్పటిలాగే ఏడ్చాడు. గుడి తలుపు దాకా ఆగ్నెస్ ముందు నడిచింది.

కొట్టు తలుపు అప్పటికింకా ఎవరూ వెయ్యలేదు. గోదావరి గాలికి తాడు మీద నిక్కర్లు ఊగుతున్నాయి. మిషను సూది కింద, మోకాళ్ళ కింద వేసుకునేంత చిన్న మెత్త ఒకటి ఉంది. నీలం చీర ముక్కతో మూడు వైపులా దగ్గరగా కుట్టి ఉంది. కుట్టని నాలుగో వైపు నుంచి తెల్లగా దూది కనిపిస్తోంది.