నానీ తొడుక్కోని కడియం

నేను ఒక వెండి కడియాన్ని. కెనడా పడమటి సముద్రంలో హైదా గ్వాయ్ అనే దీవుల్లో పుట్టాను. నా ఒంటి మీద గద్ద బొమ్మ ఉంది. ఆ గద్దే నా కొంప ముంచింది.

నన్ను చెక్కిన రోవీనా హైదా జాతి మనిషి. మొదట్లో సినిమాలు తీసేది. అక్కడ నాయనమ్మను నానీ అంటారు. తన నానీని కెమెరా ముందు కూర్చోబెట్టి హైదా భాషలో కబుర్లు చెప్పించింది. ఆ భాష ధారాళంగా మాట్లాడేవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే. పట్నం నిర్మాతలేమో ఆమె గొంతు తగ్గించేసి, దాని మీద ఒక గంభీరమైన మగగొంతుతో ఇంగ్లీషు వ్యాఖ్యానం పెట్టించారు. అంతరించిపోతున్న గొంతులను వినండి అంటూ మొదలయ్యేది ఆ వ్యాఖ్యానం. దానికి బహుమతులు కూడా వచ్చాయి. నానీ మాత్రం సినిమా చూసి, ఇక కెమెరా ముందు నోరు విప్పనంది.

రోవీనా సిగ్గుతో చితికిపోయింది. కెమెరాను అటకెక్కించి, మేనమామ దగ్గర వెండి చెక్కడం నేర్చుకుంది. నగలకూ పేరొచ్చింది. కళాకారులింతే, ఒక పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుంటే ఇంకో పొయ్యి వెలిగిస్తారు.

అయినా నానీ చేత మళ్ళీ మాట్లాడించాలన్న ఆశ చావలేదు. ఆవిడ అలక తీర్చడానికే నన్ను చెక్కింది. ఉలి పట్టినా బుద్ధి మాత్రం సినిమాదే. రెక్క దగ్గరగా కనబడాలి, కన్ను సూటిగా చూడాలి అనుకుంటూ అందం ధ్యాసలో అసలు సంగతి మరిచింది. హైదాల్లో కాకివాళ్ళు, గద్దవాళ్ళు అని రెండు వర్గాలు. వర్గం తల్లి నుంచి వస్తుంది, పెళ్ళి అవతలి వర్గంతోనే. రోవీనాది తల్లి వైపు గద్ద. తండ్రిని కన్న నానీది కాకి. ఒకరి గుర్తు ఇంకొకరు ధరించడం అక్కడ పెద్ద తప్పు.

నానీ నన్ను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమే, ఇదెవరి గుర్తు?"

"గద్ద, నానీ... మాది."

"మరి నేనెవరినే?"

రోవీనా నాలుక కరుచుకుంది.

"సినిమాల్లో పడి మీ నాన్న ఎవరి కొడుకో కూడా మర్చిపోయావటే! తే ఆ కెమెరా. ఈ తెలివితక్కువ పని ఇంకెవరూ చెయ్యకుండా చెబుతాను. నా మాట మీద ఇంకో గొంతు పడిందో, చూసుకో!"

ఇక హైదాలో అందుకుంది. నన్ను సాక్ష్యంగా ఎత్తి పట్టుకుని ఏ గుర్తు ఏ ఇంటిదో, ఎవరికెవరు ఏమవుతారో, మనవరాలి బుర్రలో ఏమేం లేవో అన్నీ చెప్పింది. కెమెరా వెనక రోవీనా ఏడుస్తూనే నవ్వింది. నన్ను మాత్రం ఆవిడ తొడుక్కోలేదు. రోవీనా చేతికే వేసి పంపింది.

ఆ సినిమాను ఊరి హాల్లో వేశారు. వ్యాఖ్యానం లేదు. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన భక్తిగా వంగి, "ఏదో పురాణగాథ చెబుతున్నారనుకుంటాను?" అన్నాడు.

"కాదండీ, నన్ను తిడుతోంది," అంది రోవీనా గర్వంగా.

ముందు వరసలో పిల్లలు అప్పటికే ఆ తిట్లు పట్టేసి ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. నానీ కుర్చీలోంచి లేచింది.

"అలా కాదర్రా," అంది. "ఆ మాట గొంతు లోపలి నుంచి రావాలి."

పిల్లలు ఈసారి గొంతు లోపలి నుంచి తిట్టారు.