జేబులో మిగిలిన పదకొండు మంది

ఆ కాగితం మీ సొంతమే, పెద్ద సిస్టరు గారూ. మీ తెల్లకోటు ఎడమ జేబులోంచే వచ్చింది. క్యాన్సర్ పరీక్షల శిబిరం ఫొటోలో మీ పక్కన నిలబడి పళ్లికిలించిన సూపరింటెండెంటు గారికీ అందులో వాటా ఉంది. కాగితంలో పేర్లున్న పదకొండు మంది ఆడవాళ్లని వెనక్కి పిలవాలి. గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు మారుతున్నాయి, ఇంకా క్యాన్సర్ కాలేదు, చిన్న వైద్యంతో ఇక్కడే ఆపొచ్చు అని చెప్పాలి. మీరు చెప్పలేదు. కోటు ఉతుక్కి వేశారు.

ఉతికేది జేబులమ్మ.

అది జరిగిన ఐదేళ్లకు, ఒకరోజు పొద్దున ఆరింటికే ఆమె ఆసుపత్రి లాండ్రీలో గచ్చు మీద కూర్చుని మూటలు విప్పుతోంది. దుప్పట్లు ఒక కుప్ప, కోట్లు ఒక కుప్ప, రక్తం అంటినవి విడిగా. రక్తానికి చన్నీళ్లే పోయాలి, వేణ్ణీళ్లు తగిలితే మరక బట్టలో కూర్చుండిపోతుంది. బట్టల సోడాకు తెల్లగా పొరలు లేచిన ఆ వేళ్లకు ఇరవై రెండేళ్లుగా తెలిసిన విద్య అది. మెషిన్‌లో వేసే ముందు ప్రతి కోటు జేబూ పేగు లాగినట్టు బయటికి లాగుతుంది. పేరు అలా వచ్చింది. పెన్నులు, తాళంచెవులు, గుండీలు ఏం దొరికినా ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి, సొంతదారు అడిగేదాకా దాస్తుంది. ఒక్క సిగరెట్లు మాత్రం దాయదు. అవి డాక్టర్ల జేబుల్లోంచి తిన్నగా బాయిలరు వెనక్కి పోతాయి, ఆమెతో పాటు.

ఐదేళ్ల కిందట శిబిరంలో ఫారం నింపుతూ పెద్ద సిస్టరు "పొగ తాగుతావా?" అని అడిగితే, "మీ డాక్టర్లు తాగగా మిగిలిందేనమ్మా!" అంది. గది గదంతా నవ్వింది. మొదటి కాన్పు ఎన్నో ఏట? పదిహేడు. పిల్లలెంతమంది? ఐదుగురు. ఇంతకుముందు ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నావా? "ఇలాంటిదొకటుందనే తెలీదమ్మా." సిస్టరు గడి గడికీ టిక్కు కొట్టుకుంటూ పోయింది. ఈ జబ్బుకు మూలం, మగవాడితో కాపురం చేసిన చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే ఒక వైరస్. ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. పొగ తాగే ఒంట్లో, చిన్న వయసు నుంచీ కాన్పుల మీద కాన్పులైన ఒంట్లో తిష్ట వేసుకుని కణాలను చెడగొట్టే ముప్పు ఎక్కువ. ఇదంతా ఫారానికి తెలుసు. సిస్టరుకు తెలుసు. ఒంటి సొంతదారుకే తెలియదు. "ఏమైనా ఉంటే మేమే పిలుస్తాం. పిలవలేదంటే నిక్షేపంలా ఉన్నట్టే" అని చెప్పి పంపేశారు.

ఫలితాలు వచ్చాయి. పిలవాల్సిన వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఒకే కాగితం మీద రాసిచ్చారు. సిస్టరు మడిచి జేబులో పెట్టుకుంది. కోటు మీద కాఫీ ఒలికింది. కోటు ఉతుక్కి వచ్చింది. ల్యాబు వాళ్లు పిలిచుంటారని సిస్టరు, సిస్టరు పిలిచుంటుందని ల్యాబు వాళ్లు అనుకున్నారు. సూపరింటెండెంటు ఏమీ అనుకోలేదు. 'అందరికీ తెలియజేయడమైనది' అన్నచోట సంతకం పెట్టాడు. వీళ్లందరూ చదువుకున్నవాళ్లే. చదువురాని జేబులమ్మ మాత్రం తడిసిన ఆ కాగితాన్ని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి డబ్బాలో దాచింది. నాలుగో వరసలో తన పేరే ఉందని ఆమెకేం తెలుసు?

ఇక ఆ ఉదయం పది గంటలకు పెద్ద సిస్టరు లాండ్రీలోకి దిగింది.

"ఏమే జేబులమ్మా, నా కోటు గుండీ మింగేశావా?"

"మింగితే అరగదమ్మా, డబ్బాలో ఉంది. మీ కాగితం కూడా అందులోనే ఉంది, పట్టుకెళ్లండి. ఎన్నిసార్లు చెప్పాను!"

"ఏం కాగితం?"

"అప్పుడెప్పుడో కాఫీ ఒలికిన రోజుది."

"ఏనాటి కాగితమో నేనేం చేసుకోనే, పారెయ్." సిస్టరు ముక్కు మూసుకుంది. "మళ్లీ పొగ కంపు! క్యాన్సర్ వచ్చి చస్తావు చూడు."

"ఉంటే మీరే పిలిచేవారుగా!" అని నవ్వింది జేబులమ్మ. ఆ నవ్వుకే నడుము పట్టేసి బల్ల అంచు పట్టుకుంది. "అది సరేగానీ అమ్మా, ముట్లుడిగిన దాన్ని, మళ్లీ ఎనిమిది నెలల్నుంచి రక్తం ఆగట్లేదు."

"ఓపీకి రా."

"ఓపీ పన్నెండుకి మూసేస్తారు. నాకు మెషిన్ దగ్గర్నుంచి సెలవు ఒంటిగంటకి."

సిస్టరు గుండీ కుట్టించుకుని వెళ్లిపోయింది.

పారెయ్యమన్న కాగితాన్ని జేబులమ్మ మళ్లీ సంచిలో చుట్టింది. ఒకరి వస్తువు పారెయ్యడానికి తానెవరు? మధ్యాహ్నం తన బట్టకు అంటిన మరకను చన్నీళ్లతో ఉతుక్కుంది. మూడింటికి ఆఖరి దుప్పటి ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి, దాని వెచ్చదనం మీద తల ఆనించింది. పిలిస్తే పలకలేదు.

వార్డులో పన్నెండు రోజులుంది. క్యాన్సర్ ముదిరిపోయిందన్నారు. పదమూడో రోజు పొద్దున, దుప్పట్లు మార్చేవాళ్లు వచ్చేసరికే పోయింది.

సామాన్లు తీసుకెళ్లమంటే చిన్నకూతురు వచ్చింది. చెప్పులు, దువ్వెన, డబ్బా. ఐదుగురిలోనూ చదువు వచ్చింది ఆ పిల్లకే. లాండ్రీ గుమ్మంలో నిలబడే సంచిలోంచి కాగితం తీసి చదివింది. నాలుగో వరస దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తిన్నగా పెద్ద సిస్టరు గదిలోకి నడిచి బల్ల మీద పెట్టింది.

సిస్టరు కాఫీ మరకను గుర్తుపట్టింది. "అయ్యో, పారెయ్యమన్నానే!"

"మా అమ్మకి పారెయ్యడం చేతకాదండి."

కాబట్టి విను, సిస్టరూ. నీకిక 'గారూ' లేదు. మీ సంతాపసభ ఎవరికీ అక్కర్లేదు, మీ విచారణ కమిటీ తర్వాత చూసుకుందాం. ఆ కాగితంలో ఇంకా పది పేర్లున్నాయి. ఒక్కో పేరు పక్కన ఒక్కో నంబరుంది. ఎత్తు ఫోను. మొదటి పేరు నుంచి మొదలుపెట్టు. నంబరు కలవకపోతే ఇంటికి వెళ్లు, ఇల్లు మారితే వెతుకు. పదో మనిషి గొంతు వినేదాకా ఆ పిల్ల నీ బల్ల ముందునుంచి కదలదు.

బల్ల మీద కాగితం ఉంది. అంచున కాఫీ మరక. చక్కగా ఇస్త్రీ చేసి ఉంది, ఎక్కడా ఒక్క ముడత లేదు.