కింది అరలోని చిన్నది

తడిగుడ్డ గట్టిగా పిండి, పై అర నుంచి మొదలుపెట్టి తెరలన్నీ తుడిచేసరికి ఆమె నడుం అప్పుడే ఒకసారి మూలిగింది. పై అరలో ఖరీదైన లాప్‌టాప్‌లు వెండిరంగులో, సన్నగా, ముట్టుకుంటే మాసిపోతామన్నట్టు నిలబడి ఉంటాయి. నడిమి అరలోవి వాటికంటే బొద్దుగా, కాస్త అణకువగా ఉంటాయి. కింది అరలో, మోకాళ్ల ఎత్తున, నల్ల ప్లాస్టిక్కు ఒంటితో ఒక్క చిన్నది. ఆమె గొంతుక్కూర్చుని దాని తెర కూడా మిగతావాటిలాగే మూలమూలలా తుడిచింది. తుడిచాక, రోజూలాగే, బుల్లి సూర్యుడి బొమ్మ ఉన్న మీట మీద వేలు పెట్టి తెరకు మబ్బు పట్టేదాకా నొక్కింది. తర్వాత లేచి, పై అరల్లోవాటికి అదే మీటల వరసలో రెండోదాన్ని నొక్కి, వెలుగు కళ్లు చెదిరేటట్టు పెంచింది.

అది ఆ షాపు పద్ధతి. పెద్దాయన పోయి ఆయన కొడుకు గాజుగదిలో కూర్చున్నాక వచ్చింది. “చవకది చవగ్గానే కనబడాలక్కా. లేకపోతే పైవాటికేసి ఎవరు తలెత్తుతారు?” అన్నాడు చిన్నయజమాని. అబద్ధం చెప్పమనలేదు. పాడైపోయింది అంటగట్టమనలేదు. ఒక్క మీట, అంతే. కొనేవాళ్లు వంగి చూస్తారు, మసగ్గా ఉందనుకుంటారు, నడుం నిటారు చేసుకుని పైకి చూస్తారు. నిజానికి ఆ చిన్నది చాలా మంచిది. నాలుగు మాటలు రాసుకోవడానికి, కరెంటు బిల్లు కట్టుకోవడానికి, భోజనం చేస్తూ పాత సినిమా చూసుకోవడానికి అంతకు మించింది ఎవరికీ అక్కర్లేదు. కాకపోతే దానిమీద షాపుకు మిగిలేది తక్కువ.

ఆమెను అందరూ కౌంటరక్క అంటారు. ఆ షాపులో రేడియోలు, టేపురికార్డర్లు అమ్మిన రోజుల్లోనే చేరింది. నీలంరంగు కోటు, జేబులో పెన్ను, సాయంత్రానికి పాదాలు వాస్తాయి కాబట్టి ఒక సైజు పెద్ద బూట్లు. కౌంటరు వెనక ఒక స్టూలుంది గాని, షాపులో మనిషి ఉండగా దానిమీద కూర్చోకూడదు. షాపులో దాదాపు ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. కాబట్టి ఆ స్టూలు మీద ఆమె భోజనం డబ్బా కూర్చుంటుంది.

ఆమె గొంతు ఎప్పుడూ చిన్నదే. కాలేజీకి బస్సులో వెళ్లేటప్పుడు, దిగాల్సిన చోటు వస్తే “ఆపండి” అని అరవలేక, తర్వాతి స్టాపు దాకా వెళ్లి వెనక్కి నడిచి వచ్చేది. తల్లి పోయాక ఆమెను పెంచింది పిన్నీ బాబాయీ. బాబాయి బస్టాండులో విచారణ కిటికీ వెనక మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో పొద్దస్తమానం చెప్పేవాడు. ఊరు ఊరంతా ఆయన గొంతు విని పరుగెత్తేది. అలాంటి మనిషి ఇంట్లో పెరిగి కండక్టరుకు వినబడేలా మాట్లాడలేకపోయిందని పిన్ని నవ్వేది. “నా గొంతు అయిపోయాక దానిది తీస్తుందిలే, దాచుకుంటోంది” అనేవాడు బాబాయి. ఆయన గొంతు నిజంగానే అయిపోయింది. మొన్న వేసవిలో ఆపరేషను చేసి గొంతులో పుండుతోబాటు మాటను కూడా తీసేశారు.

మధ్యాహ్నం, భోజనాలకు పోయే వేళకు కాస్త ముందు, పిన్ని వచ్చింది. ముడిచిన గొడుగు చంకలో, గుడ్డసంచి చేతిలో. వస్తానని చెప్పలేదు. వచ్చీ రాగానే కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి ఊపిరి తీసుకుని, బాబాయి సంగతి మొదలుపెట్టింది. పలక మీద రాసి రాసి ఆయన చెయ్యి వణుకుతోందట. రాసింది ఆయనకే అర్థంకాక విసుక్కుంటున్నాడట. డాక్టరు చిన్న లాప్‌టాప్ ఏదైనా కొని పెట్టమన్నాడట. పక్క మీద వాలి, పొట్ట మీద పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం నొక్కుకుంటే చాలునట. అక్షరాలు పెద్దగా కనిపించాలి, తేలిగ్గా ఉండాలి, ఇంకేమీ వద్దు.

“నువ్వున్నావనే ఇంత దూరం వచ్చాను,” అంది పిన్ని. “ఇంకో షాపుకెళ్తే ముసలిదానికేం తెలుస్తుందని ఏదో ఒకటి నా నెత్తిన పెడతారు.”

ఆమె నవ్వాననిపించి పక్కకు తిరిగింది. ఇంతలోనే పిన్ని వంగి, అడక్కుండానే, కింది అరలోంచి చిన్నదాన్ని రెండు చేతుల్లోకి ఎత్తుకుంది. పైకీ కిందికీ ఊపి చూసింది. పిన్ని మొహం విప్పారింది.

“ఇదే అమ్మాయ్. పిల్లిపిల్లంత లేదు. మీ బాబాయి పొట్ట మీద దీన్ని పడుకోబెట్టినా ఆయనకు తెలియదు.” అని తెర తన వైపు తిప్పుకుంది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చింది, మళ్లీ పైకి నెట్టింది. “అదేమిటి, ఇంత మసగ్గా ఉంది?”

గాజుగది తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చిన్నయజమాని బయటికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, మనుషులు కొంటుంటే చూడ్డం ఇష్టమైనవాడిలా నిలబడ్డాడు. పోయిన నెల ఫ్యాన్ల కౌంటరులో ఉండే ఆవిడ ఎవరితోనో ‘ఇది తీసుకోకండి, మోత’ అన్నదని, మర్నాటి నుంచి రానక్కర్లేదన్నాడు. అరవలేదు, తిట్టలేదు. ఆవిడ కోటు ఇంకా వెనక గదిలో కొక్కేనికి వేలాడుతోంది.

ఆమె వేలికీ మీటకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. పిన్ని చేతుల్లో ఉన్న లాప్‌టాప్ మీద చెయ్యి చాపి ఒక్కసారి నొక్కి పట్టుకుంటే చాలు, పిన్ని మొహం మీద వెలుగు పడేది. ఆమె చెయ్యి కోటు జేబులోకి వెళ్లి పెన్నును పట్టుకుంది.

“నడిమి అరలోది చూడు పిన్నీ. తెర పెద్దది,” అంది. ఆ మాట ఆమె రోజూ అందరితోనూ అనేదే. అదే గొంతుతో, అదే మర్యాదతో వచ్చింది.

నడిమి అరలోది పిన్నికి బరువనిపించింది. మళ్లీ చిన్నదాన్ని చూసింది, మళ్లీ దీన్ని చూసింది. కంటి ఆపరేషనైన దగ్గర్నుంచీ ఆయనకు వెలుగు లేకపోతే ఏదీ ఆనదని తనలో తాను అనుకుంటున్నట్టు అంది. చివరికి “నువ్వు చెబుతున్నావుగా” అని సంచిలోంచి డబ్బు తీసింది. పిన్ని అని తెలిశాక చిన్నయజమాని, ముందే చెప్పొద్దా అక్కా అని నొచ్చుకుని, ఒక మంచి సంచి ఊరికే ఇచ్చాడు. పిన్ని గొడుగు తనే పట్టుకుని, వీధి దాకా వచ్చి ఆటో కూడా ఆపాడు. ఆ మంచితనానికి ఆమెకు ఎటు చూడాలో తెలియలేదు. సాయంత్రం వచ్చి అన్నీ సరిచేసి ఇస్తానని పిన్నికి మాటిచ్చింది.

అన్నం నోటికి సహించలేదు. డబ్బా మూతపెట్టి మళ్లీ స్టూలు మీదే పెట్టింది. ఎండ వేళ షాపు ఖాళీ అయినప్పుడు కింది అర ముందు కూర్చుని, సూర్యుడి మీటల్లో రెండోదాన్ని నొక్కి పట్టుకుంది. చిన్నదాని తెర తెల్లగా, నిండుగా వెలిగి, ఆ వెలుగు ఆమె బూట్ల మీద, నేలమీది మరకల మీద పడింది. ఇది పిన్ని చూసి ఉంటే. బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడగానే చప్పున తగ్గించేసింది. వచ్చినవాళ్లు ఇస్త్రీపెట్టె కావాలని అడిగి వెళ్లిపోయారు.

అప్పుడు ఆమెకు కొంచెం ఊపిరాడింది, ఎందుకంటే ఒక దారి తోచింది. పెట్టెకు వేసిన పట్టీ తెంచకపోతే షాపు వాళ్లు మర్నాడు మార్చి ఇస్తారు. తెంచితే మార్చరు. పిన్నికి ఇవేవీ తెలియవు, తానొచ్చేదాకా ముట్టుకోదు. చిన్నదాంట్లో కొత్త రకం వచ్చిందనొచ్చు. ఈ పెద్దదాంట్లో ఏదో లోపం కనిపెట్టారనొచ్చు. ఇన్నాళ్లూ పరాయివాళ్ల దగ్గర నోరు మెదపకుండా ఉండగలిగిన మనిషి, సొంతవాళ్ల కోసం ఒక్క అబద్ధం ఆడలేదా? పిన్ని ‘మరి షాపులో మసగ్గా ఎందుకుంది’ అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. నేనే చేశాను పిన్నీ, రోజూ నేనే చేస్తాను. ఆ వాక్యం లోపలే చెప్పుకుని, తుడిచిన తెరనే మళ్లీ తుడిచింది.

పిన్ని వాళ్లది మూడో అంతస్తు. మెట్లెక్కి వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన మంచం, రెండు దిండ్ల మీద ఏటవాలుగా బాబాయి. మెడకు తెల్ల గుడ్డ. మంచం కోడుకు దారంతో వేలాడుతున్న పలక, దానికి ఇంకో దారంతో సుద్దముక్క. బల్ల మీద పెట్టె, దానిమీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. పట్టీ తెంచలేదు.

“మధ్యాహ్నం నుంచీ తెరుద్దామంటే ఒప్పుకోరు. నీ చేత్తోనే తెరవాలట,” అంది పిన్ని, మురిపెంగా విసుక్కుంటూ.

బాబాయి అప్పటికే కత్తెర దిండు కింద దాచి ఉంచాడు. పిడి ఆమె వైపుండేలా తిప్పి అందించాడు. పలక మీద ముందే రాసిపెట్టుకున్న మాట చూపించాడు: ‘ప్రారంభోత్సవం.’

ఆమె కత్తెర పట్టుకుని నిలబడింది. ఇప్పుడు చెప్పాలి. బాబాయి తలగడ మీంచి మెడ ఎత్తి చూస్తున్నాడు, పిన్ని తువ్వాలు తీసి మడత పెడుతోంది. ఇద్దరూ తన వైపే చూస్తున్నారు, చిన్నప్పుడు మార్కుల కాగితం తెచ్చిన రోజు చూసినట్టు. ఆమె పట్టీని కత్తిరించింది. అది చాలా సుళువుగా తెగింది.

అక్షరాలు పెద్దవి చేసింది. తెలుగు మీటలు పెట్టింది. ఎక్కడ ఏది నొక్కాలో చూపించి, బాబాయి పొట్ట మీద పెట్టింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా అది బరువుగా లేచి, బరువుగా దిగింది. నిమిషం గడవకముందే ఆయన మొహం ఎర్రబడింది. చేత్తోనే తీసెయ్యమని సైగ చేశాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని లేపి బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక వేలితో, ఎంతోసేపు నొక్కాడు. తెర మీద ఇంత లావు అక్షరాలతో వచ్చింది: ‘ప్రయాణికులకు మనవి. టీ ఆలస్యంగా నడుస్తోంది.’

పిన్ని పగలబడి నవ్వి కళ్లు తుడుచుకుని, “వస్తోంది, వస్తోంది” అంటూ వంటింట్లోకి వెళ్లింది. బాబాయి భుజాలు శబ్దం లేకుండా కదిలాయి. కాసేపటికి ఆయన వీపు కుర్చీలో నిలవలేదు. మంచం మీదికి చేర్చి దిండ్లు సర్దాక, ఆయన పలక అందుకున్నాడు. చెయ్యి వణుకుతుండగా రాసి, ఆమె వైపు తిప్పాడు.

‘చిన్నది లేదా?’

వంటింట్లోంచి వచ్చిన పిన్ని అది చదివి, “ఉంది, కానీ ఒకటే మసకండీ. మీ కళ్లకి ఆనదు. నేను చూశానుగా. అడగండి దాన్ని” అంది.

బాబాయి ఆమెను చూశాడు. ఆ చూపులో ఏ అనుమానమూ లేదు, ఊరికే అడుగుతున్నాడు, అంతే. బస్సు తప్పిపోయిందని కిటికీ ముందు ఏడ్చేవాళ్ల గొంతును బట్టి నిజమెంతో పట్టేసేవాడని బస్టాండులో చెప్పుకునేవారు.

“అది బాగుండదు బాబాయ్,” అంది ఆమె. తల వంచుకుని, అక్కర్లేకపోయినా, వైరు విప్పి మళ్లీ చుట్టింది.

ఆయన తల ఊపి, చొక్కా చేతితో పలక తుడిచేశాడు.

ఆ తర్వాత కూడా ఆమె రోజూ ఉదయం తడిగుడ్డ పిండింది. రోజూ కింది అర ముందు కూర్చుంది. ఒక్కరోజైనా నొక్కకుండా ఉందామనుకుంది. గాజుగదిలోంచి చిన్నయజమాని చూస్తున్నట్టనిపించేది. చూడని రోజు కూడా వేలు తనంత తానే వెళ్లి నొక్కి వచ్చేది. పిన్ని ఇంటికి వెళ్లడం తగ్గించింది. ఫోన్లో లాప్‌టాప్ సంగతి అడిగితే బాగానే ఉందనేది పిన్ని, ఎప్పుడైనా బల్ల దగ్గర కూర్చోబెడుతున్నాననేది, ఓపిక ఉన్న రోజు ఒకటి రెండు మాటలు కొడుతున్నారనేది. ఓపిక లేని రోజుల సంగతి ఆమె అడగలేదు.

వానలు వెనకబట్టాక, ఒక తెల్లవారుజామున, బాబాయి నిద్రలోనే పోయాడు. అన్నీ అయిపోయి, వచ్చినవాళ్లు ఒక్కొక్కరే మెట్లు దిగాక, పిన్నీ ఆమె గదిలో మిగిలారు. లాప్‌టాప్ బల్ల మీద మూసి ఉంది, మీద అదే తువ్వాలు. పిన్ని తువ్వాలు సర్దుతూ, ఇది నువ్వే తీసుకుపో, నాకెందుకు, అంది.

“మంచి వెలుగు తల్లీ. నువ్వు చెప్పినట్టే,” అంది మళ్లీ. “బరువే, పాపం, మోయలేకపోయారు.”

ఆమె నోరు తెరిచింది. పిన్ని ఎదురుచూడలేదు, నీళ్లు తేవడానికి లేచి వెళ్లింది. ఆమె నోరు మూసుకుని మంచం వైపు తిరిగింది. దిండ్లు తీసేశారు, పరుపు చుట్టేశారు. పలక మాత్రం మంచం కోడుకే వేలాడుతోంది, సుద్దముక్క అరిగి గోరంత అయింది. పలక మీద వంకరటింకర అక్షరాలు సగం చెరిగి, సగం అలాగే ఉన్నాయి: ‘ఫ్యాను కొంచెం తగ్గించు.’