కూర ఉడికేలోగా

నెత్తళ్ళు ఎండేసేటప్పుడు కూర్మమ్మ నోరు విప్పదు. పక్క ఆడవాళ్ళు ఇసుకలో చేపలు పరుస్తూ ఏవో పాటలు అందుకుంటారు, ఆవిడ వింటుందంతే. ఆవిడకి వచ్చిన విద్య ఒక్కటే. దాన్ని శవం పక్కన తప్ప ఇంకెక్కడా వాడకూడదు.

కళింగపట్నానికి ఇవతల ఆ పేటలో ఎవరైనా పోతే ముందు కబురు కూర్మమ్మకి, తరవాతే చుట్టాలకి. ఆవిడ వెళ్ళి, జుట్టు ముడి విప్పి, కాళ్ళ దగ్గర కూర్చుని రాగం తీసిందంటే అంతవరకు బిగబట్టుకున్న మగాళ్ళు కూడా గోడవైపు తిరిగేవారు. ఇది అమ్మమ్మ ఇచ్చిన ఆస్తి. ఆ అమ్మమ్మ సంగతి చెప్పాలంటే ఒక పూట చాలదు. ఒకసారి వాళ్ళ ఊళ్ళో ఒక పిసినిగొట్టు ముసలాడు పోయాడట. శోకంలో అబద్ధం చెప్పకూడదు, అతని గురించి చెబుదామంటే మంచిమాట ఒక్కటీ దొరకలేదు. ఆవిడ నాలుగువైపులా వెతికి, చివరికి అతని మీసాన్ని పట్టుకుని అరగంట ఏడ్చిందట. పాడె మీద ముసలాడు ఒక కన్ను తెరిచి, "ఆ మీసం ముక్క ఇంకోపాలి అను తల్లీ" అన్నాడట. నేను చూడలేదు. చూసినవాడి చుట్టలో సగం నేనే కాల్చాను కాబట్టి నమ్మాను.

శోకానికి అబద్ధం పనికిరాదన్నది మొదటి కట్టుబాటు. బతికున్నవాళ్ళ మీద శోకం పెట్టకూడదన్నది రెండోది. పెడితే ఆయుష్షు తరిగిపోతుందని భయం. ఇక శోకం వినబడిందంటే పేటలో ప్రతి ఆడదీ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి రావాలి. ఎవరు పోయారని దారిలో అడగకూడదు. వచ్చి, కూర్చుని, అప్పుడు అడగాలి.

కూర్మమ్మ మొగుడు ధనరాజు కళాకారుడు. గుర్తింపు కార్డు కూడా ఉంది. జముకుల కథ బృందంలో ఆడవేషం కడతాడు. జముకు వాయించేవాడు తీగని జుంయ్‌మని మీటితే, ధనరాజు చీర కట్టి, రెండు గాజులు వేసుకుని రాణి అయిపోతాడు. ఆ చీర ఉతికేది కూర్మమ్మ, గంజి పెట్టేది కూర్మమ్మ, మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్ది పిన్నీసులు గుచ్చేది కూర్మమ్మ. కథ సాధన ఇంటిదగ్గర జరిగితే పదిమందికి వండేదీ ఆవిడే. అత్త బతికున్న రోజుల్లో అనేది, "మొగోడు నోరెత్తితే పాట, ఆడది నోరెత్తితే ఏడుపు. నీ ఏడుపు ఇంట్లోకి తేకే, మైల." ఆ మాట విని ధనరాజు నవ్వేవాడు. అత్త పోయినరోజు ఆవిడ మీద రెండు గంటలు శోకం పెట్టింది కూర్మమ్మే. ఆ మాట తప్ప మిగతావన్నీ తలుచుకుంది.

కిందటేడు చలికాలంలో కూర్మమ్మ తల్లి పోయింది. ఆవిడ పేరు తాతమ్మ. పొద్దున్నే తమ్ముడు ఫోను చేశాడు, అమ్మ నిన్ను రమ్మంటోంది అని. ఆ రోజు ఇంట్లో సాధన. ధనరాజు అన్నాడు, "వండేసి యెల్లవే. ముసిల్ది ఎక్కడికి పోతాది?" వంజరం ముక్కలు పులుసులో పడ్డాయి. ఉడుకుతున్నాయి. ఇంతలో రెండో ఫోను వచ్చింది.

ఆ సాయంత్రం పుట్టింట్లో తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు కూర్మమ్మ నోట ఏం వచ్చిందో ఆవిడకే పూర్తిగా తెలియదు. ఊళ్ళో ఆడవాళ్ళు తరవాత చెప్పుకున్నారు. "నువ్వు రమ్మన్నావమ్మా, నాను పదిమందికి వండతన్నాను. కూర ఉడికీలోగా నువ్వు సల్లారిపోనావమ్మా." ఆ మాటకి, పేటనుంచి తోడు వచ్చిన గున్నమ్మ పిన్ని గుండె బాదుకుంది. గున్నమ్మ అంటే పేట పెద్ద ముసలమ్మ, ఎంతమంది శవాల్ని చూసిందో లెక్కలేదు, ఆవిడ బాదుకోవడం మామూలు సంగతి కాదు. ధనరాజు ఆ పక్కనే ఫోను పట్టుకుని నిలబడ్డాడు. చుట్టాలకి కబురు చెబుతున్నాడనుకుంది కూర్మమ్మ.

మొన్న ఆదివారం పగటిపూట శ్రీకాకుళంలో సభ. పెద్ద హాలు, వెనకాల బ్యానరు. ఎన్నడూ లేనిది ధనరాజు "నువ్వు కూడా రాయే, పిన్నీసులు సరిగ్గా గుచ్చీవోళ్ళు నేరు" అన్నాడు. ఆవిడ తెరవెనక కుచ్చిళ్ళు సర్ది, వచ్చి మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో టిఫిన్ క్యారేజీతో. కథలో రాణిగారి తల్లి చనిపోయింది. ధనరాజు జుట్టు విప్పాడు, సవరమే అనుకోండి. మోకాళ్ళ మీద కూలబడి, చెయ్యి చెవికి ఆనించి అందుకున్నాడు.

"నువ్వు రమ్మన్నావమ్మా, నాను వందమందికి వండతన్నాను."

రాణి కాబట్టి పదిమందిని వందమంది చేశాడు. మిగతాదంతా ముక్క పోకుండా అదే. తాతమ్మ అందరికీ వడ్డించి చేప తలకాయలే చీకేది, అదీ వచ్చింది. తాతమ్మ కాలివేలు ఒకటి పక్కవేలు మీదికెక్కి ఉండేది, అదీ వచ్చింది. ఆ రోజు తల్లి దగ్గర ఆ రాగంలో ఊపిరి అందక కూర్మమ్మ ఒకచోట ఆగిపోయింది. ధనరాజు అక్కడా ఆగాడు, సరిగ్గా అంతసేపే. కూర్మమ్మ చుట్టూ చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాళ్ళు, ఫోన్లు ఎత్తి పట్టుకునేవాళ్ళు. "కూర ఉడికీలోగా" అనేసరికి హాలంతా చప్పట్లు. వెనకనించి ఈల కూడా వేశారు. తల్లి చచ్చిపోయినందుకు ఈల వేయడం ఆవిడ అంతవరకు వినలేదు. ఆ కూర ఎవరికోసం ఉడికిందో ఆ పాడుతున్న మనిషికి గుర్తుందా అని మొహంలోకి చూసింది. మొహం నిండా పౌడరు.

నారాయణమూర్తిగారనే కాలేజీ మాస్టారు శాలువా కప్పి మాట్లాడారు. ఒకరి ఏడుపుని ఊరందరి ఏడుపు చేయడమే కళ అన్నారాయన. కూర్మమ్మకి ఆ మాట నచ్చింది. నిజమే గదా, నేను చేసేది అదే గదా అనుకుంది. అంతలో ఆయన మైకు ధనరాజు వైపు తిప్పి, "ఈ శోకం ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగారు. మూడో వరసలో ఆవిడ కొంగు సర్దుకుంది. మొగుడు తనవైపు చెయ్యి చూపిస్తే లేవాలా, కూర్చునే దణ్ణం పెట్టాలా అని ఒక్క క్షణం తికమకపడింది కూడా. ఆ తికమక తలుచుకుంటేనే ఇప్పటికీ ఆవిడకి ఎక్కువ సిగ్గు.

"ఎవురి కాడా నేదు బాబూ," అన్నాడు ధనరాజు. "సముద్రం నేర్పినాది."

మళ్ళీ చప్పట్లు.

తిరిగొచ్చే బస్సులో ఆవిడ కిటికీవైపు తిరిగి అడిగింది. "నా మాట సెప్పనేదేటి మావా?"

"నీ మాటేటే?"

"అది మా అమ్మకి పెట్టిన శోకం."

"అవును. నీది ఏడుపు. ఏడుపు అందరూ ఏడుస్తారు, గేదె కూడా ఏడుస్తాది. నాను దానికి తాళం కట్టి, జముకు కట్టి, స్టేజీ ఎక్కించినాను గనక కళ అయినాది. కొండమీద రాయి రాయే, ఉలి తగిల్తే దేవుడు." శాలువా మడత నలగకుండా ఒళ్ళో పెట్టుకుని, అరవకుండా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

ఆవిడ ఊరొచ్చేదాకా ఆలోచించింది. రాయికి తల్లి పోలేదు గదా. ఉలి పట్టినవాడు రాయిని తల్లి దగ్గరికి పోకుండా ఆపలేదు గదా. నేను ఏడిస్తే మైల, అదే ముక్క చీర కట్టుకుని నువ్వు ఏడిస్తే శాలువా. ఆ చీర కుచ్చిళ్ళు కూడా నావే. చేపలు ఎత్తుకుపోయి ఉంటే ఊరుకునేది, గాజులు ఎత్తుకుపోయినా రెండు రోజులు అలిగి ఊరుకునేది. అమ్మ కాలివేలు ఎలా ఎత్తుకుపోయాడు? ఇప్పుడు అమ్మ గుర్తొస్తే ముందు ఈల వినబడుతోంది.

మూడు రోజులు మామూలుగానే వండింది. నాలుగోరోజు పదిగంటల వేళ ఆవిడ వాకిట్లో నెత్తళ్ళు తిరగేస్తుంటే ధనరాజు వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు.

"విజయనగరంలో పిలిసినారే. ఇంకా పెద్ద సభ. కథ పెంచమన్నారు. ఈపాలి రాజు సచ్చిపోతాడు, రాణి మొగుడి మీద ఏడవాల. ఇంకో నాలుగు ముక్కలు ఏడ్చి పెట్టు."

"ఎవురూ పోకుండా ఎలాగేడుస్తారు మావా? బతికున్నోళ్ళ మీద సోకం పెట్టకూడదు."

"కథే గదే. కళకి మైలేటి?" తట్ట బోర్లించి దానిమీద ఫోను పెట్టి ఎర్రచుక్క నొక్కాడు. "కానీ. గట్టిగా. మొగుడు పోనాడనుకో."

కూర్మమ్మ చేతులు కడుక్కుంది. కొంగుకి తుడుచుకుంది. వాకిలి మధ్యన కాళ్ళు చాపి కూర్చుని జుట్టు ముడి విప్పింది. ధనరాజు తాళానికి తొడమీద వేళ్ళు సిద్ధం చేసుకున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని అమ్మమ్మ నేర్పిన మొదటి కట్టుబాటు తలుచుకుంది. అప్పుడు రాగం తీసింది.

"ఓ నా మావో, జముకు మోగినంత దూరం నీ పేరు పోనాదే..."

"రాజు గదే, జముకెందుకు?" అన్నాడు ధనరాజు.

"ఆడయేసం నువ్వు కడితే కుచ్చిళ్ళు ఎవురు పెట్టినారని ఎవురూ అడగనేదే. ముప్పయ్యేళ్ళు వండినానే, నువ్వు తిన్నాక గిన్నె గోకినానే. నాకని ఉన్నాది ఒక్క ఏడుపే గదా మావో, అది కూడా సముద్రానిదని సెప్పి పోనావే..."

తొడమీద వేళ్ళు ఆగిపోయాయి. "ఒసే, ఆపే. నాను బతికే ఉన్నాను."

కళ్ళు తెరవకుండానే రాగానికీ రాగానికీ మధ్య ఆవిడ అంది, "రికార్డవుతన్నాది. మద్దిన మాటాడకు మావా."

మళ్ళీ అందుకుంది. గొంతు ఇసుక దాటి పడవల దాకా పోయింది. ముందు పక్కింటి కుమారి పిండిచేతులతో వచ్చింది. తరవాత చేపలు కోస్తున్నవాళ్ళు కత్తిపీటలు వదిలేసి వచ్చారు. ఎవరూ దారిలో ఏమీ అడగలేదు. వచ్చి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, వరసగా కూర్చున్నారు. పీట మీద ధనరాజు ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. ఆఖరున గున్నమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. ధనరాజుని పైనుంచి కిందికి చూసింది. కూర్మమ్మ విప్పిన జుట్టు చూసింది. మెల్లగా ఆవిడ పక్కన కూలబడి, భుజం మీద చెయ్యి వేసి, అడగవలసిన మాట అడిగింది.

"ఎప్పుడు పోనాడే?"

"మొన్న ఆదోరం పిన్నీ," అంది కూర్మమ్మ. "సికాకోలంలో, స్టేజీ మీద."