కొంగున కట్టిన తాళంచెవి

సంధ్యవేళ నోటి నుంచి చెడ్డమాట రాకూడదంటారు. తథాస్తు దేవతలు సరిగ్గా ఆ వేళకే తిరుగుతుంటారట, చెవిన పడ్డ మాటకల్లా సరేననేస్తారట. ఈ సంగతి మంగాదేవికి తెలియక కాదు. తెలుసు గనకే, ఆ వేళ చూసుకుని, దీపం వెలిగించి పడకగది కిటికీలో పెట్టి, చేతులు జోడించి మరీ తిట్టేది.

"ఆ కారు ఎవరి మూలాన ఆగిపోయిందో, ఆళ్ల ఊపిరీ అలాగే ఆగిపోవాల. అమ్మోరు తల్లీ, వింటన్నావా? అలాగే, దారి మధ్యలో."

పక్కన నిలబడ్డ కూతురు మౌక్తిక "ఆగిపోవాలి" అని వంత పాడేది. సెక్టర్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల. దేవతల మీద ఏమంత నమ్మకం ఉన్నది కాదు. అయినా తండ్రి పోయిన దగ్గర్నించీ ఆ మాట అననిదే ఆమెకు అన్నం సహించేది కాదు. ఎవరినో ఒకరిని తిట్టుకోకపోతే తననే తిట్టుకోవాల్సి వస్తుంది మరి. ఆ రోజు స్టీరింగ్ ముందు కూర్చున్నది తనే.

తండ్రి రామలింగేశ్వరరావు బ్యాంకు ఆఫీసరు. శ్రీకాకుళం నుంచి బదిలీ మీద కలకత్తా వచ్చి, ఇక ఈ ఊరు వదల్లేదు. రిటైరైన ఏడు సరదాపడి కొత్త కారు కొన్నాడు. భవానీపూర్‌లో వాళ్లుండేది ఒక పాత ఇంటి కింది వాటా. కారు పెట్టడానికి పక్క సందు తప్ప చోటు లేదు. ఆ సందు పడకగది కిటికీని ఆనుకునే ఉంటుంది. చెయ్యి చాపితే కారు అందుతుంది.

తాళం తిప్పే పని లేని కారు అది. తాళంచెవి జేబులో ఉంటే చాలు, మనిషి దగ్గరికి రాగానే దీపాలు వెలిగించి, ముడుచుకున్న అద్దాలు విప్పి పలకరిస్తుంది. మీట నొక్కితే బయల్దేరుతుంది. వచ్చిన ప్రతి చుట్టాన్నీ సందులోకి లాక్కెళ్లి ఈ వైభవం చూపించేవాడాయన. "చూసేరా, దీనికున్న మర్యాద మా బ్యాంకులో మేనేజరుకి కూడా జరగలేదు!" అనేవాడు.

తాళంచెవులు రెండిచ్చారు. ఒకటి ఆయన వీధిగదిలో మేకుకి తగిలించుకునేవాడు. రెండోది మంగాదేవి కొంగున తన చేత్తో కట్టాడు. మన వైపు ఆడవాళ్లు తాళాలు బొడ్లో దోపుకుంటారు. మంగాదేవికి మాత్రం కలకత్తా వచ్చిన కొత్తలోనే పైవాటా బెంగాలీ ఇంటావిడ వేరే పద్ధతి నేర్పింది. ఇల్లాలన్నాక ఇంటి తాళాలన్నీ కొంగు చివర ముడేసి, ఎడం భుజం మీంచి వీపు మీదికి గల్లున విసరాలి. ఆ చప్పుడు వింటేనే ఇంట్లో ఇల్లాలు తిరుగుతున్నట్టు. మంగాదేవికి అది ఎంత నచ్చిందంటే, నిద్రలో కూడా ఆ గుత్తి విప్పేది కాదు. బీరువాదీ, పూజగదిదీ, సామాన్ల గదిదీ అన్నీ అక్కడే. వాటి సరసన కారుది చేరింది.

"నాకెందుకండీ, నాకు తోలడం రాదు కదా!"

"తోలకపోతేనేటి? బండి నీది. ఇంటిది నువ్వు. ఉంచుకో."

ఆవిడ మురిసిపోయింది. ఎందుకు మురవదు?

ఏడాది తిరక్కుండానే బ్యాటరీ చచ్చింది. కొత్తది వేయించారు. జదుబాబు బజారు దగ్గర మెకానిక్ తపన్‌దా వచ్చి చూసి, ఈ కాలపు బండ్లన్నీ ఇంతే మాషీమా అని మంగాదేవితో అన్నాడు. పాత బండ్లు ఆపితే నిద్రపోయేవి. వీటి లోపల ఏదో ఒకటి మేలుకునే ఉంటుంది, ఊరికే కూర్చుని తింటూనే ఉంటుంది. మీరేమో బజారుకీ కాళీఘాట్‌కీ తప్ప బయటికి తీయరు, ఇక అది నిండేదెప్పుడు? ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. తప్పు కూడా కాదది.

ఆ తరవాత ఆషాఢంలో ఒక సాయంత్రం, వాన పట్టుకుంటుండగా, రామలింగేశ్వరరావుకి గుండెలో నొప్పి వచ్చింది. పెద్దాసుపత్రి ఎంతో దూరం లేదు. వీధిలోకి నీళ్లు ఇంకా చేరలేదు. మౌక్తిక స్టీరింగ్ ముందు కూర్చుంది. వెనక సీట్లో ఆయన, పక్కన మంగాదేవి. మీట నొక్కితే ముందున్న దీపాలన్నీ ఒక్కసారి వణికి ఆరిపోయాయి. మళ్లీ నొక్కింది. టక్కుమనే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు కదులుతుంది, ఇదిగో ఇప్పుడు కదులుతుందని నొక్కుతూనే ఉంది పిచ్చిపిల్ల. వెనక మంగాదేవి కొంగుతో ఆయనకి విసురుతోంది, విసిరినప్పుడల్లా తాళాలు గలగలమంటున్నాయి. టాక్సీ కోసం పరిగెత్తేసరికి వీధి ఏరయింది. అంబులెన్సు నీళ్లు దాటుకుని వచ్చేసరికి ఆయన లేడు.

పదమూడో రోజు వెళ్లాక మంగాదేవి పడకగది కిటికీ తెరిచింది. దోమలకి భయపడి ఏళ్ల తరబడి మూసిపెట్టిన కిటికీ అది. ఆయన ఆఖరిసారి కూర్చున్న చోటుకి ఎదురుగా దీపం పెడదామనుకుంది పాపం. అప్పటికి కారుకి మళ్లీ కొత్త బ్యాటరీ వేయించి ఉంచారు, అమ్మకానికని. ఆవిడ దీపం పట్టుకుని వంటింట్లోంచి వచ్చి కిటికీ దగ్గర నిలబడగానే సందులో కారు కళ్లు తెరిచింది. అద్దాలు రెండూ మెల్లగా విచ్చుకున్నాయి.

మంగాదేవి దీపం జారవిడవలేదు. కేక పెట్టలేదు. "వచ్చేరా!" అంది అంతే.

అప్పటి నుంచి ఆ ఇంట్లో మౌక్తికకు భయం పట్టుకుంది. అమ్మ సాయంత్రం మొదట శాపం పెడుతుంది, తరవాత రెండు గ్లాసుల టీ తెచ్చుకుని కిటికీలో కూర్చుంటుంది, ఒకటి చువ్వల దగ్గర పెడుతుంది. బజారులో ములక్కాడలు దొరికిన సంగతి చెబుతుంది, పైవాటావిడ మోకాళ్ల నొప్పుల సంగతి చెబుతుంది. మధ్యమధ్య లేచి వంటింట్లోకి వెళ్లివస్తే కారు మళ్లీ వెలుగుతుంది. "చూసేవా? నాను లేచెళ్తే ఊరుకోరు" అంటుంది.

ఒకరోజు మంగాదేవి కాళీఘాట్ వెళ్లింది. మౌక్తిక తెగించి ఆ కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుంది. చీకటి పడిందాకా చూసింది. కారు ఒక్కసారి కూడా మినుక్కుమనలేదు. హమ్మయ్య అనుకుంటుండగా గేటు కిర్రుమంది, అమ్మ సందులోంచి నడిచి వస్తోంది. ఆవిడ కారు పక్కకి రాగానే దీపాలు వెలిగాయి. మౌక్తిక చప్పున కిటికీ దగ్గర్నించి వెనక్కి జరిగింది. మంగాదేవి మాత్రం కొత్తపెళ్లికూతురిలా తల వంచుకుని లోపలికి వచ్చి, "నాను లేకపోతే రారే మీ నాన్న" అంది.

కొన్నాళ్లకి ఆ వెలుగు తగ్గుముఖం పట్టింది. తెల్లని దీపం పచ్చబడింది, అద్దాలు సగం విచ్చుకుని ఆగిపోయేవి. "నీరసించిపోతన్నారే, ఎవరికైనా చూపించు" అని మంగాదేవి ఏడ్చింది. మౌక్తిక తపన్‌దాని పిలిచింది. ఈ బ్యాటరీ కూడా పోయింది దీదీ, ఈ బండికేదో శని పట్టింది, అమ్మేయండి అన్నాడతను.

"ఆయన్ని అమ్మీమంటావేటి?" అని మంగాదేవి అతని మీద తెలుగులోనే విరుచుకుపడింది. అతనికి మాట అర్థం కాలేదు గానీ ముఖం అర్థమైంది. నోరు మూసుకుని ఇంకో బ్యాటరీ బిగించిపోయాడు. ఆ సాయంత్రం కారు జిగేలుమంది. మంగాదేవి ఆనందం చూసి మౌక్తికకి ఏడుపొచ్చింది. చాటుగా కిటికీ దగ్గరికి వెళ్లి "నాన్నా, ఆ మీట నొక్కుతూ కూర్చోకుండా ముందే పరిగెత్తి ఉండాల్సింది. నన్ను క్షమించు" అని కారుతో తనూ చెప్పుకుంది. నమ్మకం లేనివాళ్ల బతుకింతే, నమ్మకం ఉన్నవాళ్ల కంటే ఎక్కువ భయపడతారు.

ఆదివారం పొద్దున మంగాదేవి స్నానానికి వెళ్లింది. విడిచిన చీర మంచం మీద పడుంది. ఉతుక్కి వేద్దామని మౌక్తిక ఎత్తింది. గుత్తి బరువుగా కొంగుకి వేలాడుతోంది. ముడి విప్పడానికి వెలుతురు చాలక కిటికీ దగ్గరికి జరిగింది.

ఎండలో, పట్టపగలు, కారు కళ్లు తెరిచింది.

మౌక్తిక అలాగే నిలబడిపోయింది. అమ్మ ఇక్కడ లేదు. స్నానాలగదిలో చెంబు చప్పుడవుతోంది. చీర పట్టుకునే గుమ్మం దాకా వెనక్కి వెళ్లింది. కాసేపటికి దీపాలు ఆరాయి. ముందుకొచ్చింది. వెలిగాయి. అప్పుడు గుత్తి వంక చూసింది. ఇత్తడి తాళంచెవుల నడుమ నల్లటి, నున్నటి బిళ్ల ఒకటి. జేబులో ఉంటే చాలు అని చుట్టాలందరికీ తండ్రి చెప్పిన మాట చెవిలో మోగింది.

జేబులో ఉంటే చాలు. కొంగున ఉన్నా చాలు.

అమ్మ మంచం ఏళ్లుగా ఈ గోడవారనే ఉంది. రాత్రంతా గోడకి ఇవతల ఇది, అవతల కారు. యజమాని వచ్చాడు, వచ్చాడు అని ఆ కారు నిద్రలేకుండా మేలుకునే ఉంది, బ్యాటరీని తోడుకుంటూనే ఉంది. ఇప్పుడు కాదు, మొదటి నుంచీ. ఆ ఆషాఢం ముందు రాత్రి కూడా. ఆ సాయంత్రం వెనక సీట్లో అమ్మ విసురుతుంటే గలగలమన్నది ఇదే.

మౌక్తిక మంచం మీద కూలబడింది. తండ్రి ఇక్కడ లేడు, ఎన్నడూ రాలేదు. ఆ దుఃఖం ఒక పక్క. దాన్ని మించింది ఇంకోటుంది. రోజూ సంధ్యవేళ అమ్మ పెడుతున్న శాపం ఎవరికి తగిలేదో ఇప్పుడు తెలిసింది. అమ్మకి ఇది తెలియకూడదు. తెలిస్తే బతకదు. ఆ నల్ల బిళ్లని గుత్తిలోంచి తీసేసింది.

మంగాదేవి తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి అబద్ధం సిద్ధంగా ఉంది.

"అమ్మా, తపన్‌దా కారు రెండో తాళంచెవి కూడా అడిగాడు. ఏదో చూడాలట."

"అది మీ నాన్న కట్టిందే. బేగి ఇచ్చీమను" అంది మంగాదేవి. మౌక్తిక ఆ క్షణమే చెప్పులేసుకుని వెళ్లి, మళ్లీ అడిగే దాకా ఉంచమని ఆ బిళ్లని తపన్‌దా కొట్లో ఇచ్చి వచ్చింది.

సాయంత్రమైంది. మంగాదేవి దీపం తెచ్చి కిటికీలో పెట్టింది. సందు చీకటిగా ఉంది. కారు నల్లగా, కదలకుండా ఉంది.

ఆవిడ దీపాన్ని కొంచెం అటు జరిపింది. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వచ్చింది. దగ్గింది. "ఏవండీ" అంది. "కోపమొచ్చిందా? నానేటన్నాను?" టీ చల్లారి మీగడ కట్టింది. గోడకి ఆనుకుని నిలబడ్డ మౌక్తికకి ఇంకాసేపు చూడటం చేతకాదనిపించింది. అయినా చూసింది.

"మళ్లీ సచ్చిందే బ్యాటరీ" అంది చివరికి మంగాదేవి. "మొన్న వేసిందే కదా! ఆ రోజు మనిషిని తినీసేరు, ఇప్పుడు నీడ కూడా మిగల్చరేటి?" చేతులు జోడించి కళ్లు మూసుకుంది. "ఆ కారు ఎవరి మూలాన ఆగిపోయిందో, ఆళ్ల ఊపిరీ..."

మౌక్తిక ఒక్క గెంతున వచ్చి తల్లి నోరు మూసేసింది.

"వద్దమ్మా! అనకు!"

మంగాదేవి కళ్లు తెరిచింది. మెల్లగా కూతురి చెయ్యి తప్పించింది.

"ఎందుకే? రోజూ నువ్వూ అంటావు కదా."

ఎన్ని అబద్ధాలు సిద్ధం చేసుకుందో మౌక్తిక, ఒక్కటీ నోటికి రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. మంగాదేవి ఆ ఏడుపు చూసింది. చీకటి కారు వంక చూసింది. తరవాత ఆవిడ చెయ్యి అలవాటుగా వీపు మీదికి వెళ్లి కొంగు ముందుకి లాక్కుంది. తాళంచెవులు ఒక్కొక్కటే తడిమింది. బీరువాది, పూజగదిది, సామాన్ల గదిది. అక్కడ వేళ్లు ఆగాయి. ఈ పూట గుత్తిలో లేనిది కారుదొక్కటే. ఇన్నేళ్లు ఇల్లు నడిపిన మనిషి, లెక్క తెలియని మనిషి కాదు.

"అది నా కొంగునుంటేనే ఆ దీపాలెలిగేవా?"

మౌక్తిక తల్లి చేతిలోని గుత్తి అందుకోబోయింది.

"దాని మూలానే బ్యాటరీ అయిపోయేదా? ఆ రోజు కూడా?"

"అమ్మా, నీ తప్పేం లేదు. అలాంటి బండి చేసినవాళ్లది. మనకెవరూ చెప్పలేదు."

"ఆయనే కట్టేరే" అంది మంగాదేవి చిన్నపిల్లలా. "నానడగలేదు." కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్లీ అంది. "దాంతోటే ఇసిరేను ఆయనకి."

కిటికీలో దీపం నిలకడగా వెలుగుతోంది. పైవాటాలో ఎవరో శంఖం ఊదారు, బెంగాలీ ఇళ్లలో సంధ్యవేళ ఊదే శంఖం. అది ఆగేదాకా మంగాదేవి తల ఎత్తలేదు. ఎత్తి, కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు సగమే అన్నాను కదే? పూర్తిగా అన్లేదు కదా?"

"లేదమ్మా. సగమే."

"మరి ఇన్నాళ్లూ అన్నవో?"

అవన్నీ మౌక్తిక కూడా అంది, ఒక్క సాయంత్రం తప్పకుండా.